కొత్త కెమెరాలకంటే ముందు ఉన్న పెట్టెలకు నోరివ్వండి

పోస్టు కాస్త పొడుగ్గానే ఉంటుంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో మనమంతా చేతులెత్తాల్సిన విషయం కాబట్టి ఓపిగ్గా చదవమని మనవి.

ఎజెండాలో నాలుగో అంశం చూసే ఉంటారు. గేటు దగ్గర రెండు, వెనక కాంపౌండు వైపు ఆరు, మొత్తం ఎనిమిది కొత్త కెమెరాలు. కొటేషన్ లక్ష దాటింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇప్పుడు ఆ ఎనిమిది కెమెరాలు వద్దు. మన దగ్గర ఇప్పటికే ఉన్న రికార్డరు, రౌటరు, స్విచ్చుల సెట్టింగుల్లో ఒక ఆదివారం పని ఉంది. అది పూర్తిచేసి మూడు నెలలు చూద్దాం. తర్వాత కెమెరాల సంగతి మాట్లాడుకుందాం.

ఎందుకంటున్నానో చెప్పడానికి స్కూటర్ పోయిన సంగతి గుర్తు చేయక తప్పదు. రికార్డరులో చూస్తే, ఎవరో కుర్రాడు స్కూటర్ తోసుకుంటూ గేటు దాటిన సమయం రాత్రి 11 గంటల 12 నిమిషాలు. నైట్ డ్యూటీ తొమ్మిదింటికి మొదలవుతుంది. ఇంకేముంది, రాత్రి వాచ్‌మన్ నిద్రపోయాడన్నారు కొందరు. చేతులు కలిపాడన్నారు ఇంకొందరు. హిందూపురం వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి ఆయన. తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారు.

నాలుగో రోజు మన సభ్యురాలు ఒకావిడ అదే వీడియో మళ్ళీ చూసి ఒక ప్రశ్న అడిగారు: "గేటు ఎదురుగా గోబీ బండి దగ్గర ఇంత జనం ఉన్నారేంటి? ఆ బండి తొమ్మిదిన్నరకే కట్టేస్తాడు కదా?" అప్పుడు ఒకరు ఫోను తీసి రికార్డరు తెర పక్కన పెట్టి చూశారు. రికార్డరు గడియారం సరిగ్గా రెండున్నర గంటలు ముందుంది. స్కూటర్ పోయింది 8 గంటల 42 నిమిషాలకు. అప్పటికి ఆ వాచ్‌మన్ డ్యూటీలోనే లేడు.

ఆయన్ని మళ్ళీ రమ్మన్నారు, నాలుగు రోజుల జీతమూ ఇచ్చారు. ఆ నాలుగు రోజులు ఆయన ఇంట్లో ఎలా గడిచాయో ఎవరూ అడగలేదు. స్కూటర్ మాత్రం ఇప్పటికీ దొరకలేదు. పోలీసులకు మొదట ఇచ్చిన సమయం తప్పు కావడంతో, రోడ్డు మీద మిగతా షాపుల కెమెరాల్లో వాళ్ళు తప్పు గంట వెతికారు. సరైన గంట చెప్పేసరికి కొన్ని షాపుల్లో పాత రికార్డింగు చెరిగిపోయింది.

ఇక్కడ కెమెరా తన పని తాను చేసింది. బొమ్మ స్పష్టంగానే ఉంది. గడియారం అబద్ధం చెప్పింది, అది అబద్ధమని మనకు చెప్పే ఏర్పాటు ఏదీ లేదు. ఇదే గడియారానికి ఇంకో ఎనిమిది కెమెరాలు తగిలిస్తే అవి కూడా అదే తప్పు సమయాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తాయి.

రెండున్నర గంటలే ఎందుకు? మన సమయం గ్రీనిచ్‌కు అయిదున్నర గంటలు ముందుంటుంది, చైనా సమయం ఎనిమిది గంటలు ముందుంటుంది. తేడా రెండున్నర. చైనాలో తయారైన రికార్డర్లు ఫ్యాక్టరీ సెట్టింగులో ఆ దేశపు టైమ్ జోన్‌తో రావడం మామూలే. అంటే ఎప్పుడో ఎవరో మన రికార్డరును రీసెట్ చేశారు, లేదా అదే రీసెట్ అయింది. ఎప్పుడు? ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. రికార్డరు లోపలి చిట్టా రీసెట్‌తో పాటే చెరిగిపోయింది. రౌటరు తన చిట్టాను తాత్కాలిక మెమరీలో రాసుకుంటుంది, ఒక రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి అదీ ఖాళీ. నెలకోసారి వచ్చి చూసే టెక్నీషియన్‌ను అడిగితే "ఎల్లా ఆన్ ఇదె సార్" అన్నాడు. నిజమే, అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి. పచ్చ లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

లాగ్ అంటే మన చిట్టాయే

కంప్యూటర్ వాళ్ళు "లాగ్" అనేదాన్ని చూసి భయపడాల్సిన పని లేదు. మన పాత కిరాణా కొట్టు శెట్టిగారి చిట్టా లాంటిదే అది. ఏ పూట ఏం జరిగిందో జరిగిన వరసలో రాసుకుపోవడం. "ఫలానా సమయానికి ఫలానా యూజరు లోపలికి వచ్చాడు", "మూడో పోర్టు పడిపోయింది", "సెట్టింగు మారింది", "మెషిన్ మళ్ళీ మొదలైంది", ఇలా ఒక్కో సంగతి ఒక్కో లైను.

నెట్‌వర్క్ పరికరాలన్నీ దాదాపు ఒకే పద్ధతిలో ఈ చిట్టా రాస్తాయి. దాని పేరు సిస్‌లాగ్. 1980లలో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ అనే ఆయన, ఈమెయిల్ పంపే సెండ్‌మెయిల్ ప్రోగ్రాం కోసం దీన్ని తయారు చేసుకున్నాడు. పనికొచ్చే వస్తువు కాబట్టి మిగతావాళ్ళూ వాడుకున్నారు. 2009లో దానికి పక్కా ప్రమాణం రాశారు. ఇవాళ పెద్ద బ్యాంకు ఫైర్‌వాల్ నుంచి మన గేటు గదిలోని స్విచ్చు దాకా చాలా పరికరాలు ఈ భాష మాట్లాడతాయి. మన రౌటరులోనూ ఆ ఆప్షన్ ఉంది. సిస్టమ్ సెట్టింగుల్లో ఒక పేజీ అది. కొన్న నాటి నుంచి ఎవరూ ఆ పేజీ నింపలేదు.

చిట్టా ఎంత పనికొస్తుందో చెప్పే కథ ఒకటుంది. 1986లో లారెన్స్ బర్క్‌లీ లాబొరేటరీలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు కంప్యూటర్ల లెక్కలు చూసే పని అప్పగించారు. అక్కడ కంప్యూటర్ వాడకానికి డబ్బు లెక్కగట్టే పద్ధతులు రెండు ఉండేవి. ఆ రెంటికీ 75 సెంట్ల తేడా వచ్చింది. మన భాషలో చెప్పాలంటే చిట్టాకు, ఆవర్జాకు పొత్తు కుదరలేదు. ముక్కాలు డాలరే కదా అని వదిలేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఆయన వదల్లేదు. లాగుతూ పోతే, జర్మనీలో కూర్చుని అమెరికా సైనిక కంప్యూటర్లలోకి దూరి, ఆ సమాచారాన్ని సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అమ్ముతున్న ముఠా బయటపడింది.

అందులో మనకు పనికొచ్చే ముక్క వేరే ఉంది. దొంగ ఏం టైపు చేస్తున్నాడో రాసుకోవడానికి స్టోల్ ఆ కంప్యూటర్‌నే నమ్ముకోలేదు. బయటి నుంచి వచ్చే ఫోను లైన్లకు ప్రింటర్లు తగిలించాడు. దొంగ కొట్టిన ప్రతి అక్షరం కాగితం మీద పడింది. కంప్యూటర్ లోపల ఎంత అధికారం సంపాదించినా, ఇంకో గదిలో ప్రింటరు మీదున్న కాగితాన్ని వాడు చెరపలేడు.

మన ఎజెండాలో ఉండాల్సిన మాట ఇదే. ఒక పెట్టె గురించిన చిట్టా ఆ పెట్టెలోనే ఉంటే, పెట్టె చెడినా, రీసెట్ అయినా, దొంగ చేతిలో పడినా చిట్టా కూడా పోతుంది. దుకాణం కాలిపోతే లెక్కల పుస్తకం కూడా కాలిపోయినట్టు.

ఏమేం చేయాలి

అంతా కలిపి ఆరు పనులు. సాంకేతికం తెలియనివాళ్ళకూ అర్థమయ్యేలా రాస్తున్నాను, ఎందుకంటే ఓటు అందరిదీ.

ఒకటి, గడియారం. ప్రతి పరికరం ఇంటర్నెట్‌లో ఉన్న ప్రామాణిక గడియారాన్ని అడిగి తన టైము తానే సరిచేసుకునే పద్ధతి ఉంది, ఎన్‌టీపీ అంటారు. డేవిడ్ మిల్స్ అనే ఆయన 1985 నాటికే దీన్ని రూపొందించాడు, 2024 జనవరిలో కన్నుమూశాడు. ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఒకే సమయం చెబుతున్నాయంటే అందులో ఆయన పుణ్యం చాలా ఉంది. మన దేశపు అధికారిక సమయాన్ని ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ చూసుకుంటుంది. వాళ్ళకూ, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌కూ టైమ్ సర్వర్లు ఉన్నాయి. మన రౌటరు వాటిని అడగాలి, రికార్డరూ కెమెరాలూ స్విచ్చులూ రౌటరును అడగాలి. టైమ్ జోన్ అయిదున్నర అని అన్నింటిలోనూ పెట్టాలి. భారత ప్రామాణిక సమయాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖ మన ఆంధ్రలో కాకినాడకు దగ్గర్లోంచే పోతుంది. అలాంటిది మన రికార్డరు చైనా టైము చూపించి మన వాచ్‌మన్‌నే దోషిని చేసింది.

రెండు, పేర్లు. ఇప్పుడు మన స్విచ్చులు నాలుగింటికీ ఫ్యాక్టరీలో పెట్టిన ఒకే పేరు. చిట్టాలో "స్విచ్ పడిపోయింది" అని వస్తే ఏ స్విచ్చు? "తూర్పు గేటు", "పంపుహౌస్", "క్లబ్‌హౌస్", "వెనక కాంపౌండు" అని పేర్లు పెట్టాలి. పది నిమిషాల పని.

మూడు, చిట్టాను బయటికి పంపడం. ఆఫీసు గదిలో బీరువా పక్కన మూలపడిన పాత డెస్క్‌టాప్ ఉంది. దానిలో లైనక్స్ వేసి, ఆర్‌సిస్‌లాగ్ అనే ఉచిత ప్రోగ్రాం పెడితే అదే మన చిట్టా గుమాస్తా. ప్రతి పరికరంలో సిస్‌లాగ్ పేజీలో ఈ కంప్యూటర్ చిరునామా రాయాలి. మామూలుగా ఈ సందేశాలు యూడీపీ పద్ధతిలో 514 నంబరు పోర్టుకు వెళతాయి. అది పోస్టుకార్డు లాంటిది, చేరిందో లేదో పంపినవాడికి తెలియదు. పరికరం ఒప్పుకుంటే రిజిస్టర్డ్ పోస్టు లాంటి టీసీపీ, ఇంకా బాగుంటే ఎవరూ మధ్యలో చదవలేని టీఎల్‌ఎస్ పెట్టుకోవాలి. మన పాత స్విచ్చులకు యూడీపీ తప్ప వేరే రాదు, అవి మన సొంత తీగ దాటి బయటికి పోవు కాబట్టి సర్దుకోవచ్చు. ఈ కంప్యూటర్‌కు యూపీఎస్ తప్పనిసరి. గేటు గదిలో ఉండకూడదు. దాని పాస్‌వర్డు రౌటరు పాస్‌వర్డు ఒకటే కాకూడదు.

నాలుగు, ఎవరి లాగిన్ వాళ్ళకు. ఇప్పుడు కమిటీవాళ్ళు, టెక్నీషియను, క్లబ్‌హౌస్ మేనేజరు అందరూ "అడ్మిన్" అనే ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో లోపలికి వెళుతున్నారు. చిట్టా ఎంత బాగా రాసినా అందులో "అడ్మిన్ సెట్టింగు మార్చాడు" అనే ఉంటుంది. ఏ అడ్మిన్? ఒక్కొక్కరికీ ఒక్కో పేరు ఇవ్వాలి, పని మానేసినవాళ్ళ పేరు ఆ రోజే తీసేయాలి. ఫ్యాక్టరీ పాస్‌వర్డు ఒక్క పరికరంలోనూ మిగలకూడదు. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచవ్యాప్తంగా లక్షల కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను లొంగదీసుకున్నది ఫ్యాక్టరీ పాస్‌వర్డుల చిన్న జాబితాతోనే. ఆ ఏడాది అక్టోబర్ 21న అలా పట్టుబడిన పరికరాలన్నీ కలిసి డిన్ అనే సంస్థ మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటల తరబడి అందలేదు. ఆ కెమెరాల సొంతదారుల్లో చాలామందికి తమ గోడ మీది కెమెరా ఏం చేసిందో తెలియను కూడా తెలియదు. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది మరి.

అయిదు, నాడి చూడటం. చిట్టా జరిగినది చెబుతుంది. ఇప్పుడు ఎలా ఉన్నావని అడగడానికి ఎస్ఎన్ఎంపీ అని ఇంకో పద్ధతి ఉంది. ఏ పోర్టు పనిచేస్తోంది, ఎంత ట్రాఫిక్ పోతోంది, మెషిన్ ఎన్ని రోజులుగా ఆగకుండా నడుస్తోంది అని అయిదు నిమిషాలకోసారి అడిగి రాసుకోవచ్చు. ఇందులో ఒక గుంట ఉంది. పాత వెర్షన్లలో "పబ్లిక్" అనే మాటే తాళంచెవి, అది లోకమంతటికీ తెలుసు. మూడో వెర్షన్‌లో పేరూ పాస్‌వర్డూ గుప్తభాషా ఉంటాయి. ఆ వెర్షన్ రాని పరికరంలో ఈ సదుపాయాన్ని పూర్తిగా ఆపేయడమే మేలు. సగం తెరిచిన కిటికీ మనకొద్దు.

ఆరు, ఎంత రాయాలి. సిస్‌లాగ్‌లో తీవ్రతను బట్టి 0 నుంచి 7 వరకు ఎనిమిది మెట్లున్నాయి. 0 అంటే ఇల్లు మునిగిపోతోందని. 7 అంటే డీబగ్, అంటే యంత్రం తనలో తాను గొణుక్కునే మాటలు. అంకె పెరిగేకొద్దీ ప్రమాదం తగ్గుతుంది, సొద పెరుగుతుంది. ఉత్సాహవంతులు అన్నీ రాసుకుందామని 7 పెడతారు, వారం తిరక్కుండా ఎవరూ చూడటం మానేస్తారు. నా సలహా: సమాచారం స్థాయి, అంటే 6 వరకు రాసి దాచుకుందాం, లాగిన్లూ సెట్టింగు మార్పులూ అందులో వస్తాయి. రోజూ కళ్ళబడాల్సినవి హెచ్చరిక స్థాయి, అంటే 4, అంతకంటే తీవ్రమైనవి మాత్రమే.

ఇదంతా దాచడానికి ఎంత చోటు కావాలో లెక్కేద్దాం. మన పరికరాలన్నీ కలిసి రోజుకు 50 వేల లైన్లు రాస్తాయనుకుందాం, అది ఎక్కువే. లైనుకు 200 అక్షరాల చొప్పున రోజుకు ఒక కోటి అక్షరాలు, అంటే 10 మెగాబైట్లు. 180 రోజులకు 1.8 గిగాబైట్లు. మన ఫోన్లో పెళ్ళి వీడియో ఒకటి అంతకంటే ఎక్కువ చోటు తింటుంది.

180 రోజులే ఎందుకు? 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు జారీ చేసింది. కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ కార్యాలయాలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి, గడియారాలను పైన చెప్పిన జాతీయ టైమ్ సర్వర్లతో కలపాలి, దాడి జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలి. మన లాంటి సంఘం దాని కిందికి వస్తుందా రాదా అన్న వాదన మనకక్కర్లేదు. తెలిసినవాళ్ళు పెట్టిన కొలత కాబట్టి అదే మనమూ పెట్టుకుందాం. పోలీసులకూ కోర్టుకూ ఇవ్వాల్సి వచ్చినప్పుడు కూడా ఇది అక్కరకొస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ యంత్రం సరిగా పనిచేస్తూ ఉండిందని దాని మీద సంతకం పెట్టాలి. రెండున్నర గంటలు తప్పు చూపే పెట్టె మీద మన సెక్రెటరీగారు ఏమని సంతకం పెడతారు?

చదివేవాళ్ళు లేని చిట్టా

ఇదంతా చేసినా ఒక పని మిగిలే ఉంటుంది. అది యంత్రాలతో అయ్యేది కాదు.

మన తెలుగువాళ్ళ దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. హైదరాబాద్‌లో ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో 12 కోట్ల 48 లక్షల రూపాయలు మాయమయ్యాయి. పోలీసుల దర్యాప్తులో తేలిందేమిటంటే, అంతకుముందు నవంబర్‌లోనే బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా మోసపు ఈమెయిళ్ళు పంపారు. వాటిని తెరిచినవాళ్ళ కంప్యూటర్ల ద్వారా లోపలికి దూరారు. నవంబర్‌లో ఇంట్లోకొచ్చిన దొంగ జనవరిలో బీరువా తెరిచాడు. మధ్యలో రెండు నెలలు. ఆ రెండు నెలల్లో ఒక్క గంటా మోగలేదు. సైబర్ భద్రతా నిబంధనలు పాటించలేదని 2023లో రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది. బ్యాంకుకే ఇలా జరిగితే మనమెంత అని చేతులెత్తేసేవాళ్ళుంటారు. నాకు మాత్రం ఆ రెండు నెలలే కనిపిస్తాయి. ఎవరో ఒకరు కన్నేసి ఉంచితే పట్టుకోవడానికి అరవై రోజుల అవకాశం ఉండింది.

దీనికి మన ఊళ్ళోనే పాఠం ఉంది. దొడ్డబళ్ళాపురం మగ్గాల ఊరు. పవర్‌లూమ్‌లో పేక దారం తెగితే మగ్గం దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. తెగిన దారంతో గజాల కొద్దీ నేసి, సాయంత్రం చూసుకుని తల పట్టుకోకుండా తెగిన క్షణంలోనే ఆగుతుంది. అప్పుడు మనిషి వచ్చి ముడి వేస్తాడు. ఇంకో సంగతి కూడా గమనించే ఉంటారు. మగ్గాల వీధుల్లో ఉండేవాళ్ళకు ఆ టకటక చప్పుడు అలవాటైపోయి వినిపించదు. చప్పుడు ఆగితేనే తల తిప్పి చూస్తారు.

మన హెచ్చరికలూ అలాగే ఉండాలి. ఫోనుకు సందేశం రావాల్సిన సందర్భాలు అయిదే: వరసగా తప్పు పాస్‌వర్డులు కొట్టినప్పుడు, ఎవరైనా సెట్టింగు మార్చినప్పుడు, పరికరం మళ్ళీ మొదలైనప్పుడు, ఏదైనా కెమెరా పోర్టు పది నిమిషాలకు మించి పడిపోయినప్పుడు, ఏదైనా పరికరం గంటసేపు ఏమీ రాయకుండా మౌనంగా ఉన్నప్పుడు. అయిదోది అన్నిటికంటే ముఖ్యం. చెడిన పెట్టె తాను చెడ్డానని చెప్పలేదు. దాని చప్పుడు ఆగిందని మనమే వినాలి. ఆరో హెచ్చరిక పెడదామని ఎవరైనా అంటే, ఈ అయిదింటిలో ఏది తీసేయాలో కూడా చెప్పమనండి. రోజుకు నలభై సందేశాలు వచ్చే గ్రూపును మనం ఎలా చూస్తామో అందరికీ తెలుసు.

హెచ్చరికలు కాక, వారానికోసారి ఆదివారం పొద్దున పావుగంట ఒక మనిషి కూర్చుని ఆ వారం చిట్టా చూడాలి. రికార్డరు టైమునూ ఫోను టైమునూ పక్కపక్కన పెట్టి చూడాలి. చూశానని రిజిస్టరులో సంతకం పెట్టాలి. నెలకొకరు చొప్పున వంతు. మనలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్ళే పన్నెండు మందికి తక్కువ ఉండరు. రిటైరైన పెద్దలకూ ఇది కష్టం కాదు, ఆఫీసుల్లో దినచర్య రిజిస్టర్లు చూసిన చేతులు వాళ్ళవి.

అభ్యంతరాలు

మొదటిది, ఇది టెక్నీషియన్ పని కదా, వాడికి డబ్బులిస్తున్నాం కదా అంటారు. సెట్టింగు పెట్టడం అతని పనే. దాన్ని చూసుకోవడం ఇంటివాళ్ళ పని. పైగా అతను చేసిన మార్పులు కూడా చిట్టాలో పడాలి. అందుకే చిట్టా కంప్యూటరు తాళం అతని చేతిలో ఉండకూడదు. ఇది అనుమానం కాదు. క్యాషియరూ ఆడిటరూ ఒకరే ఉండకూడదన్న పాత నియమం, అతనికీ అదే రక్ష. రేపు ఏదైనా పోతే అందరూ మొదట వేలెత్తి చూపేది అతన్నే. అతను ఆ పూట లోపలికే రాలేదని చెప్పగలిగేది చిట్టా ఒక్కటే.

రెండోది నిజంగా ఆలోచించాల్సిన అభ్యంతరం, గ్రూపులో ఒక అక్కయ్య ఇప్పటికే అడిగారు: "మేం క్లబ్‌హౌస్ వైఫైలో ఏ సైట్లు చూస్తున్నామో కూడా రాస్తారా?" రాయకూడదు. ఈ విషయంలో నేను ఆమె వైపే. యంత్రం ఆరోగ్యం, యంత్రాన్ని ముట్టుకున్నవాళ్ళ పేర్లు, ఈ రెండే మన చిట్టాలో ఉండాలి. సభ్యులు ఏం చూస్తున్నారు, ఎవరింటికి ఎవరొచ్చారు, ఏ పిల్ల ఎన్ని గంటలకు ఇంటికి చేరింది, ఇవి మన పని కాదు. రౌటరులో వెబ్‌సైట్ల లాగ్ ఆపి ఉంచాలి, ఆపి ఉందని తీర్మానంలోనే రాయాలి. కెమెరా వీడియో ఎవరైనా చూస్తే, ఎవరు, ఎప్పుడు, ఎందుకు చూశారన్నది కూడా చిట్టాలోకి ఎక్కాలి. నిజానికి ఈ ఒక్క మార్పుతో ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళకు ఇప్పటికంటే ఎక్కువ భద్రత వస్తుంది. ఇప్పుడు వీడియో ఎవరు చూస్తున్నారో లెక్కే లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వెనకున్న ఆలోచన కూడా ఇదే: అవసరమైనంతే తీసుకో, పని అయ్యాక తీసేయ్. 180 రోజులు దాటిన చిట్టా తనంతట తానే చెరిగిపోవాలి. పోలీసు కేసు నడుస్తున్నవి మాత్రం విడిగా దాచాలి.

మూడోది, కెమెరాలు కంటికి కనిపిస్తాయి, దొంగ భయపడతాడు, చిట్టాకు ఎవడు భయపడతాడు అంటారు. ఒప్పుకుంటాను. వెనక కాంపౌండు చీకటిగా ఉంది, అక్కడ కెమెరా కావాల్సిందే. మూడు నెలల తర్వాత దానికి నేనూ చేయి ఎత్తుతాను. అయితే మన పదహారు కెమెరాల్లో ఈ క్షణాన ఎన్ని నిజంగా రికార్డు చేస్తున్నాయో ఇవాళ ఎవరైనా చూడకుండా చెప్పగలరా? అది చెప్పలేనంతకాలం పదహారును ఇరవై నాలుగు చేసి లాభం ఏమిటి? మూడు నెలల చిట్టా చేతిలో ఉంటే ఏ కెమెరా ఎన్నిసార్లు పడిపోయింది, తప్పు కెమెరాదా, తీగదా, కరెంటుదా అని తెలుస్తుంది. అప్పుడు కొనేది కూడా తెలిసి కొంటాం.

నేను ప్రతిపాదించే తీర్మానం

"కొత్త కెమెరాల కొనుగోలును మూడు నెలలు వాయిదా వేయడమైనది. ఈలోగా అన్ని పరికరాల గడియారాలను జాతీయ టైమ్ సర్వరుతో కలపాలి. ప్రతి పరికరానికీ పేరు, ప్రతి వ్యక్తికీ వేరు లాగిన్ ఇవ్వాలి. లాగ్‌లను ఆఫీసు గదిలోని కంప్యూటర్‌కు పంపి 180 రోజులు భద్రపరచాలి. సభ్యుల ఇంటర్నెట్ వాడకాన్ని నమోదు చేయరాదు. నెలకొక సభ్యుడు లేదా సభ్యురాలు ప్రతి ఆదివారం లాగ్‌ను పరిశీలించి రిజిస్టరులో సంతకం చేయాలి. కెమెరా రికార్డు ఆధారంగా ఏ ఉద్యోగి మీదనైనా చర్య తీసుకునే ముందు, రికార్డరు సమయం సరైనదేనని ఇద్దరు సభ్యులు లిఖితపూర్వకంగా ధ్రువీకరించాలి."

చివరి వాక్యం కోసం అవసరమైతే మిగతా వాక్యాల్లో దేన్నయినా వదులుకోవడానికి నేను సిద్ధం. మనకు స్కూటర్ పోతే ఇన్సూరెన్సు ఉంటుంది. నెల జీతం మీద బతికే మనిషికి పేరు పోతే ఏ ఇన్సూరెన్సూ లేదు.

ఖర్చు: యూపీఎస్ ఒకటి, పాత కంప్యూటర్‌కు కొత్త హార్డ్ డిస్క్ ఒకటి, టెక్నీషియన్‌కు ఒక రోజు కూలి. కెమెరాల కొటేషన్‌లో చిన్న ముక్క. మొదటి నెల ఆదివారం వంతు నా పేరున రాసుకోండి. రెండో నెలకు ఎవరు వస్తారో కామెంట్లలో చెప్పండి. తీర్మానంలో మాటలు మార్చాలనిపిస్తే సమావేశానికి ముందే రాయండి, కన్నడంలో రాసినా సరే, రెండు భాషల్లోనూ కాపీలు తీయించి పంచుదాం.